జూరా ద్రాక్ష తోటలు చూడ్డానికి సిప్ ఆపాలా?

ప్రశ్న: మాది నెల్లూరు. 14 ఏళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. నాకు 41, మావారికి 44. ఇద్దరి జీతాలూ కలిపి నెలకు 1.9 లక్షలు చేతికొస్తాయి. ఇంటి లోన్ ఈఎంఐ 62 వేలు, ఇంటి ఖర్చు 60 వేలు, అబ్బాయి ఫీజు నెలవారీగా చూస్తే 20 వేలు, మ్యూచువల్ ఫండ్ సిప్‌లు 30 వేలు. అత్యవసరానికి 3.5 లక్షల ఎఫ్‌డీ ఉంది. మార్చిలో బోనస్ పన్ను పోగా 1.6 లక్షలు వస్తుంది. దొడ్డబళ్లాపుర, నాసిక్ వైనరీలు చూశాక, జనం పెద్దగా వెళ్లని ఫ్రాన్స్ జూరా ప్రాంతానికి వెళ్లాలనిపించింది. వచ్చే మే నెలలో అనుకుంటున్నాం. ట్రావెల్ ఏజెంట్ 6.4 లక్షలు చెప్పి, 18 నెలల ఈఎంఐ ఇప్పిస్తానంటున్నారు. ఈఎంఐ తీసుకోవాలా, ఏడాది పాటు సిప్ ఆపాలా?

జవాబు: రెండూ వద్దండి. ప్రయాణాన్ని మే నుంచి దసరా సెలవులకు జరపండి, డబ్బు దానంతటదే సరిపోతుంది.

ముందు ఈఎంఐ సంగతి. అన్ని ఖర్చులూ పోగా మీకు నెలకు మిగిలేది 18 వేలు. 4.5 లక్షలు 14 శాతం వడ్డీకి 18 నెలలకు తీసుకున్నా కిస్తీ దాదాపు 27,860 అవుతుంది, వడ్డీయే 51 వేలు దాటుతుంది. మిగులు కంటే కిస్తీ ఎక్కువైతే ఆ తేడా ఏదో ఒక నెల క్రెడిట్ కార్డు మీద పడుతుంది. ‘నో కాస్ట్’ అన్నా ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ ఎటూ ఉంటాయి. ఇక ఎఫ్‌డీ జోలికి అసలు వెళ్లొద్దు. ఈఎంఐ, ఇల్లు, ఫీజు కలిపితే మీకు నెలకు 1.42 లక్షలు కావాలి, ఆ 3.5 లక్షలు రెండున్నర నెలలకే సరిపోతాయి. నిజానికి దాన్ని పెంచుకోవాల్సిన పరిస్థితి మీది.

ఇప్పుడు ఇద్దరికీ కలిపి అసలు ఖర్చు లెక్క చూద్దాం. యూరోను 110 రూపాయలుగా పట్టుకున్నాను. విమానం టికెట్లు 1.45 లక్షలు. షెంగెన్ వీసా ఫీజు ఒక్కొక్కరికి 90 యూరోలు, సర్వీస్ ఛార్జీ, ఇన్సూరెన్స్ కలిపి 28 వేలు. రైళ్లకు 22 వేలు. జూరాలోని ఆర్బ్వా ఊళ్లో ఆరు రాత్రులు, రోజుకు 85 యూరోల చొప్పున 56,100. పారిస్‌లో రెండు రాత్రులకు 33 వేలు. భోజనాలకు రోజుకు 75 యూరోల చొప్పున ఎనిమిది రోజులకు 66 వేలు. ఒక మంచి రెస్టారెంట్‌లో ఒక రాత్రి విందుకు 13,200. రెండు రోజుల కారుకు 19,800. రుచి చూడటానికి, సీసాలకు 38,500. మొత్తం 4,21,600. యూరో పెరిగితే తట్టుకోవడానికి ఇంకో 33,400 కలిపి 4.55 లక్షలు పెట్టుకోండి.

మే లోపు 12 నెలల్లో మీరు దాచగలిగేది 2.16 లక్షలు, బోనస్‌తో కలిపి 3.76 లక్షలు. దాదాపు 80 వేలు తక్కువ. అదే అక్టోబరుకైతే 17 నెలలు, 3.06 లక్షలు. బోనస్‌తో 4.66 లక్షలు, లక్ష్యం దాటిపోయినట్టే. సిప్ ఒక్క నెల కూడా ఆగదు. జీతం పడ్డ మర్నాడే 18 వేలు ఆర్‌డీకి వెళ్లేలా పెట్టేయండి, బోనస్ వచ్చిన రోజే దాన్నీ ఎఫ్‌డీ చేయండి. దసరా సెలవులకు బాబును నెల్లూరులో అమ్మమ్మ దగ్గర ఉంచవచ్చు కదా.

డబ్బు సంగతి పక్కన పెట్టినా అక్టోబరే మేలు. ఫ్రాన్స్‌లో మే 1, మే 8 జాతీయ సెలవులు, వాటి చుట్టూ చాలా చోట్ల తలుపులు మూసి ఉంటాయి. అక్టోబరుకల్లా మామూలుగా ద్రాక్ష కోతలు ముగుస్తాయి, రైతు కొంచెం ఊపిరి పీల్చుకుంటాడు. మోన్ డోర్ చీజ్ సెప్టెంబరు 10 నుంచే దుకాణాల్లోకి వస్తుంది. దాన్ని చెక్క డబ్బాతో సహా, కాస్త వైట్ వైన్ పోసి ఓవెన్‌లో కరిగించి, ఉడికించిన బంగాళాదుంపలతో వడ్డిస్తారు. చలి మొదలైన సాయంత్రం ఇద్దరికీ అదే రాత్రి భోజనం.

ఇలాంటి ఊళ్లలో డబ్బు పోయేది వైన్ మీద కాదు, తిరుగుడు మీద. అందుకే రోజుకో ఊరు మారకుండా ఆర్బ్వాలోనే ఉండండి. పారిస్ గార్ ద లియోన్ స్టేషన్ నుంచి డోల్ ఊరి వరకు టీజీవీ అనే హైస్పీడ్ రైలు, అక్కణ్నుంచి లోకల్ రైలు. టికెట్ల అమ్మకం మొదలవగానే కొంటే చవక. ఊళ్లోనే చాలా మంది వైన్ ఉత్పత్తిదారుల సెల్లార్లు (వైన్ నిల్వ ఉంచే గదులు) ఉన్నాయి, 1906లో మొదలైన రైతుల సహకార సంఘం కూడా ఉంది. మూడు కిలోమీటర్ల దూరంలోని పుపియాన్‌కు తోటల మధ్య నడిచే వెళ్లొచ్చు. కారు అవసరమయ్యేది షాతో షలోన్ లాంటి దూరపు ఊళ్లకే.

కారు తీసుకునేటప్పుడు రెండు చోట్ల చాలా మంది చిక్కుకుంటారు. ఆర్టీవో నుంచి ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోవాలి, ఫీజు వెయ్యి రూపాయలు. డిపాజిట్ కోసం నడిపేవారి పేరు మీదే క్రెడిట్ కార్డు అడుగుతారు, ముందే విదేశీ డబ్బు నింపుకునే ఫారెక్స్ కార్డు చూపిస్తే చాలా చోట్ల కారు ఇవ్వరు. ఆటోమేటిక్ కావాలంటే ముందే బుక్ చేయాలి. అక్కడ రక్తంలో ఆల్కహాల్ పరిమితి లీటరుకు 0.5 గ్రాములు. ఒక్కో చోట ఏడెనిమిది రకాలు, ఒక్కోటి 30 మిల్లీలీటర్లు పోసినా పావు లీటరు దాకా అవుతుంది. రెండు చోట్ల మింగితే పరిమితి దాటే ప్రమాదం ఉంది, అప్పుడు ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కూడా చేతులెత్తేస్తుంది. ప్రతి సెల్లార్‌లో ఉమ్మే పాత్ర ఉంటుంది. వాడితే ఎవరూ తప్పుగా అనుకోరు, పైగా వైన్ తెలిసినవారని గౌరవిస్తారు.

చిన్న వైనరీలకు రెండు వారాల ముందే ఈమెయిల్ పెట్టండి. దొడ్డబళ్లాపురలోలా టైము ప్రకారం గైడ్ టూర్లు ఉండవు, చాలా చోట్ల పండించేవారే వచ్చి పోస్తారు. పూటకు ఒకటి చాలు. మధ్యాహ్నం 12 నుంచి 2 మధ్య, ఆదివారం వెళ్లకండి. రుచి చూపడానికి డబ్బు తీసుకోకపోతే ఒకటి రెండు సీసాలు కొనడం మర్యాద. ఇక్కడ ముందు రెడ్, తర్వాత వైట్ పోస్తారు, కంగారు పడొద్దు. జూరా రెడ్‌లు అంత తేలికగా ఉంటాయి.

అందరూ చెప్పుకునేది వాన్ జోన్ అనే పసుపు వైన్. సవాన్యాన్ ద్రాక్షతో చేసి, పీపాలో తరుగు పడినా మళ్లీ నింపకుండా, పైన సన్నటి ఈస్ట్ పొర కిందే ఉంచుతారు. పంట కోసిన ఆరో ఏడాది డిసెంబరు 15 దాకా దాన్ని సీసాకు ఎత్తరు. లీటరుకు అప్పటికి మిగిలేది 62 సెంటీలీటర్లని చెబుతారు, అందుకే దాని సీసా కూడా అంతే ఉంటుంది. వాసన చూస్తే మీకు మెంతులు గుర్తొస్తాయి. అది ఊహ కాదు, సోటోలోన్ అనే పదార్థం మెంతుల్లోనూ దీనిలోనూ ఉంది. సెల్లార్‌లో సీసా 35 నుంచి 50 యూరోలు ఉంటుంది, షాతో షలోన్‌ది ఇంకాస్త ఎక్కువ.

తిండికి మధ్యాహ్నాన్నే నమ్ముకోండి. రోజూ మారే ప్లేటు 15 నుంచి 20 యూరోల్లో కడుపు నిండుతుంది, అదే వంటగదిలో రాత్రి మెనూ రెట్టింపు. ఒకటిన్నర లోపు కూర్చోకపోతే వంట కట్టేస్తారు. ఆదివారం రాత్రి, సోమవారం చాలా రెస్టారెంట్లు ఉండవు, ఆ రోజులకు కోంతే చీజ్, బ్రెడ్, పళ్లు ముందే తెచ్చుకోండి. వాన్ జోన్, మోరెల్ పుట్టగొడుగులతో వండిన కోడి తప్పక తినాల్సినది. మోర్తో సాసేజ్ పంది మాంసం. కోంతేలో పాలు విరగడానికి దూడ పొట్ట నుంచి తీసిన రెన్నెట్ వాడతారు, పూర్తి శాకాహారం రోజుల్లో గుర్తుంచుకోండి. కుళాయి నీళ్ల జగ్గు ఉచితం, సర్వీసు బిల్లులోనే ఉంటుంది, టిప్పు తప్పనిసరి కాదు.

వీసాకు జులైలో దరఖాస్తు చేయండి. 30 వేల యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. ఖాతాలో హఠాత్తుగా పెద్ద మొత్తం పడితే అప్పు తెచ్చి చూపించారని అనుమానిస్తారు. కాబట్టి ఆర్‌డీ, ఎఫ్‌డీలు తీయాలనుకుంటే దరఖాస్తుకు మూడు, నాలుగు నెలల ముందే తీసి ఖాతాలో ఉంచండి.

ఖర్చు చేసే తీరులోనూ నష్టం ఉంది. మామూలు క్రెడిట్ కార్డు విదేశీ ఖర్చు మీద 3.5 శాతం మార్కప్ (అదనపు రుసుము), దాని మీద 18 శాతం జీఎస్టీ వేస్తుంది. 2 లక్షల ఖర్చుకు అది 8,260 రూపాయలు. మార్కప్ లేని కార్డు ఒకటి ముందే తీసుకోండి, యాప్‌లో విదేశీ వాడకం ఆన్ చేసుకోండి. అక్కడ మెషీన్ ‘రూపాయల్లోనా, యూరోల్లోనా’ అని అడిగితే ఎప్పుడూ యూరోలే నొక్కండి. అంచనాలో 60 శాతం ఫారెక్స్ కార్డులో విడతలుగా వేసుకోండి, మిగిలిపోతే తిరిగి మార్చేటప్పుడు మళ్లీ కోత పడుతుంది. ప్యాకేజీ కొంటే టీసీఎస్, అంటే అమ్మేవారు ముందే వసూలు చేసే పన్ను, పడుతుంది. టికెట్లు, గదులు మీరే బుక్ చేసుకుంటే అది ఉండదు, ఫారెక్స్ కార్డులో వేసే డబ్బుకు కూడా ఏడాదికి 10 లక్షల లోపు టీసీఎస్ లేదు.

తిరుగు ప్రయాణంలో కస్టమ్స్ సుంకం లేకుండా ఒక్కొక్కరు రెండు లీటర్ల మద్యం తేవచ్చు. మామూలు 75 సెంటీలీటర్ల సీసాలైతే రెండే. వాన్ జోన్ సీసాలు మూడు కలిపినా 1.86 లీటర్లే, అంటే ఇద్దరికీ ఆరు. క్యాబిన్‌లోకి రానివ్వరు కాబట్టి బట్టల్లో చుట్టి చెక్-ఇన్ పెట్టె మధ్యలో పెట్టండి. ఇంటికొచ్చాక తాగే రోజు పొద్దున్నే మూత తీసి ఉంచండి, 16 డిగ్రీలకు రావాలంటే బెంగళూరులో అరగంట ఫ్రిజ్ చాలు. మిగిలితే మళ్లీ మూత పెట్టేయండి, వారాల తరబడి పాడవదు.