మామగారి నవ్వు కాదు, అటక మీది సీసా

ఉత్తరం: నాకు 41 ఏళ్లు. 1/8 స్కేల్ నైట్రో బగ్గీ (అసలు బండిలో ఎనిమిదో వంతుండే, నైట్రో ఇంధనంతో నడిచే రిమోట్ కారు) ఉంది. మొన్న మా ఇంటికొచ్చిన మామగారు అందరిముందూ ‘అల్లుడుగారింకా బొమ్మకార్లు వదల్లేదు’ అని నవ్వారు. మా ఆవిడా నవ్వింది. ఆవిడతో గొడవెందుకని ఇంధనాన్ని మంచినీళ్ల సీసాలో పోసి అటక మీద పెడుతున్నాను. ఈమధ్య బండి కూడా మొండికేస్తోంది. మూడు నిమిషాలు బాగా పరిగెత్తి ఠక్కున ఆగుతుంది, చల్లారేదాకా స్టార్ట్ కాదు. ఆ చికాకుతో ఇంటికొస్తే మాటామాటా పెరుగుతోంది. మామగారికి ఏమని జవాబివ్వాలి? ఎలక్ట్రిక్ కారుకి మారితే కాస్త గౌరవంగా ఉంటుందా?

జవాబు: మామగారికి ‘అవునండీ, ఆడుతున్నాను’ అంటే సరిపోతుంది. ఎలక్ట్రిక్‌కి మారితే చప్పుడు తగ్గుతుంది, ఆయన నవ్వు తగ్గదు. ఆ సంగతి వదిలేద్దాం.

మంచినీళ్ల సీసా అన్నారు చూడండి, అక్కడ నాకు గుండె ఆగినంత పనైంది. ఆ ఇంధనంలో నైట్రోమీథేన్ ఇరవయ్యో పాతికో శాతం, ఆయిల్ పదో పన్నెండో శాతం, మిగతాదంతా మిథనాల్. పైగా సాధారణంగా రంగు కలిపి అమ్ముతారు కాబట్టి సీసాలో చూస్తే షర్బత్తే అనుకుంటారు. రెండు గుక్కలు పడితే కళ్లు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. అంటుకుంటే పగటి వెలుతురులో ఆ మంట దాదాపు కనిపించదు కూడా. ఇంట్లో ఇంతటి విషం ఉందని ఆ ఇంటావిడకు తెలియదంటే, బొమ్మకార్ల వయసు దాటలేదన్న మాటకు మీరే ఆస్కారమిస్తున్నారు.

బండి ఆగడానికీ ఈ దాపరికమే కారణమనుకుంటాను. మిథనాల్ గాలిలోని తేమను లాగేస్తుంది. మూత వదులుగా ఉన్న, సగం ఖాళీ అయిన సీసాలో వారాలపాటు ఉన్న ఇంధనంతో ట్యూనింగ్ ఒకచోట నిలవదు. ఆ ఇంధనం ఇక వాడకండి, సింకులో పొయ్యకండి, రసాయన వ్యర్థాలు తీసుకునే చోట అప్పగించండి. ఆ సీసా మళ్లీ దేనికీ వాడొద్దు.

కొత్త ఇంధనం డబ్బా, కొత్త గ్లో ప్లగ్‌తో (ఇంజన్‌లో ఇంధనాన్ని అంటించే ప్లగ్) మొదలుపెట్టండి. ఇంజన్ వేడెక్కాక, పూర్తి థ్రాటిల్ ఇచ్చినప్పుడు పొగ చార కనిపించేదాకా హై స్పీడ్ నీడిల్ (ఎక్కువ వేగంలో ఇంధనం ఎంత పారాలో నిర్ణయించే మర) విప్పండి. పొగే లేదంటే ఇంధనం చాలడం లేదు. మీరు వేగం కోసం బిగించుకుంటూ పోయి ఉంటారు, వేడెక్కి ఆగడానికి అదీ ఒక కారణమే. అక్కణ్నుంచి బిగించాలన్నా ఒకసారికి గంటముల్లు ఒక గంట జరిగినంతే. ప్లగ్ దగ్గర వేడి సుమారు 100 నుంచి 120 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. ఐడిల్‌లో (థ్రాటిల్ నొక్కకుండా ఇంజన్ తిరుగుతూ) ఉండగా కార్బురేటర్ పక్కన ఫ్యూయల్ పైపు నొక్కిపట్టండి. రెండు మూడు సెకన్లకు చప్పుడు కొంచెం పెరిగి ఆగిపోతే తక్కువ వేగంలో ఇంధనాన్ని నిర్ణయించే లో స్పీడ్ నీడిల్ సరిగ్గా ఉన్నట్టు. నొక్కగానే చచ్చిపోతే దాన్ని కాస్త విప్పాలి.

ఇంత చేసినా వేడి మీద స్టార్ట్ కాకపోతే పిస్టన్, స్లీవ్ (పిస్టన్ కదిలే గొట్టం) అరిగాయేమో చూడాలి. చల్లగా ఉన్నప్పుడు, ప్లగ్ బిగించి ఉండగానే, ఫ్లైవీల్‌ని (ఇంజన్‌తో తిరిగే బరువైన చక్రం) చేత్తో తిప్పండి. పిస్టన్ పైకి వచ్చేచోట బిగుతుగా పట్టుకోవాలి. సాఫీగా దాటిపోతే ఆ రెంటి సెట్టు మార్చక తప్పదు. కొత్త సెట్టుకి నాలుగైదు ట్యాంకులు ఇంధనం ఎక్కువ పారేలా పెట్టి, థ్రాటిల్ పూర్తిగా నొక్కకుండా నడపాలి. ట్యాంకు ట్యాంకుకీ చల్లారనివ్వాలి, చల్లారేటప్పుడు పిస్టన్ కిందికి ఉండాలి. దొంగచాటుగా గంటలో వచ్చేసేవాళ్లకు ఇది కుదిరే పని కాదు.

ఇప్పుడు మీ ఆవిడ సంగతి. మామగారి మాట పొల్లుపోకుండా రాశారు, ఆవిడకు ఇచ్చినవి మూడే ముక్కలు: ‘మా ఆవిడా నవ్వింది.’ ఆవిడకు బండి నడవడం ఏనాడూ కనిపించలేదు, నడవనప్పటి మీ ముఖం మాత్రం ప్రతి ఆదివారం కనిపిస్తోంది. భార్యకు చెప్పకుండా చేసే సరదాకి గౌరవం కావాలనడం నాకు నచ్చదు. వెళ్లేముందు లెక్క చెప్పండి: ఒక్కో ట్యాంకు పది నిమిషాలు, నాలుగు ట్యాంకులు, మధ్యలో చల్లార్చడం, చివర ట్యాంకు ఖాళీ చేసి పైపులో మిగిలింది కాలిపోనిచ్చి, ప్లగ్ తీసి ఆఫ్టర్ రన్ ఆయిల్ (నడిపాక తుప్పు పట్టకుండా వేసే నూనె) నాలుగు చుక్కలు వేసి తిప్పడానికి మరో అరగంట. ఆ అరగంట ఎగ్గొడితే బేరింగులు తుప్పు పడతాయి. చెప్పిన వేళకి ఇంట్లో ఉండండి. బండి మొరాయిస్తే ఆ కోపం పెట్టెలోనే పెట్టి తాళం వేయండి.

ఒకసారి ఆవిడని రమ్మనండి, రానంటే బలవంతం వద్దు. వస్తే మాత్రం ముందురోజే ఇంజన్ ఆపి, చక్రాలు పైకెత్తి, బండిలోని రిసీవర్ ఆన్‌లో ఉండగా చేతిలోని ట్రాన్స్‌మిటర్ ఆపి చూడండి. సిగ్నల్ పోయినప్పుడు బండిని ఆపే ఫెయిల్‌సేఫ్ బ్రేకు పట్టాలి.

కొత్త డబ్బాని దాని లేబుల్‌తోనే, పొయ్యికి దూరంగా, పిల్లలకు అందకుండా తాళంలో ఉంచండి. తాళంచెవి ఎక్కడుందో ఆవిడకు తెలియాలి. ఎవరైనా పొరపాటున తాగితే వాంతి చేయించకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లి ‘మిథనాల్’ అని చెప్పాలని కూడా తెలియాలి. ఇవన్నీ ఈ రాత్రే చెప్పండి. ఆ సీసాని ఆవిడ చూస్తుండగానే అటక మీంచి దించండి.