హైదరాబాద్ రోడ్ల మీద సైకిల్ తొక్కే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

షేక్‌పేట దగ్గర ఒక కారు నిన్ను ఒరుసుకుంటూ పోయిందనీ, నువ్వు వేగం పెంచి తర్వాతి సిగ్నల్ దగ్గర ఆ కారును అందుకుని దాని అద్దం మీద చేత్తో కొట్టావనీ, ఆ గొడవ ఆపడానికి దారిన పోయేవాళ్లు నలుగురు అడ్డుపడవలసి వచ్చిందనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నీ చేత సైకిల్ మానిపించమని కూడా అడిగింది. ఆ పని నేను చేయను. మెహదీపట్నం నుంచి రాయదుర్గం దాకా ఆఫీసుకు సైకిల్ మీద వెళ్లాలన్న నీ నిర్ణయం నాకు నచ్చింది. ఉద్యోగం చేసినన్నాళ్లూ నేను ఈ నగరంలో సైకిల్ మీదే తిరిగాను, ఇప్పటికీ తిరుగుతున్నాను కనుక, దూకుడుగా బండ్లు నడిపేవాళ్ల మధ్య ఎలా మసలుకోవాలో నాకు తెలిసినంత వరకు రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

నిన్ను భయపెట్టేవాళ్లు, నీకు ప్రమాదం తెచ్చేవాళ్లు చాలాసార్లు ఒకరే కారన్న సంగతి ముందుగా గ్రహించాలి. వెనుక నుంచి ఆపకుండా హారన్ మోగిస్తున్న కారువాడు ఎంత చికాకు పెట్టినా, అతడు నిన్ను చూశాడు. చూశాడు కనుకనే మోగిస్తున్నాడు. ఫోన్‌లో మ్యాప్ చూసుకుంటూ నిశ్శబ్దంగా నీ వెనుక వస్తున్న క్యాబ్ డ్రైవర్, నిలిపిన కారులోంచి వెనక్కి చూడకుండా డోరు తీసే పెద్దమనిషి, ఎడమ చేతి సందులోకి తిరగబోతూ నిన్ను లెక్కలోకి తీసుకోని టిప్పర్ డ్రైవర్, వీళ్లకు నీ మీద కోపమేమీ ఉండదు, అయినా వీళ్లవల్లే నీకు ముప్పు ఎక్కువ. నీ మనసంతా హారన్ కొట్టేవాడి మీద పెట్టి వాడితో వాదం పెట్టుకున్న ఆ క్షణంలో, మిగిలిన వాళ్లను కనిపెట్టవలసిన కళ్లు నీ దగ్గర ఉండవు. నేను రాయబోయేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

మన ఊళ్లో హారన్ అన్ని వేళలా తిట్టు కూడా కాదు. ఆర్టీసీ బస్సు డ్రైవర్ రెండుసార్లు పొట్టిగా మోగిస్తే, నీ కుడి పక్క నుంచి వస్తున్నాను, ఇప్పుడు ఇటు జరగవద్దని చెబుతున్నట్టు. అలాంటప్పుడు నీ గీత మీద నువ్వు నిలకడగా వెళ్తే చాలు. ఎడతెగని హారన్ విన్నప్పుడు కూడా ఉలిక్కిపడి ఎడమకు తప్పుకోవద్దు, ఎందుకంటే ఎడమ వైపు ఏముందో ఆ తొందరలో నువ్వు చూసుకోవు. అక్కడ కంకర ఉండవచ్చు, రోడ్డు కంటే కిందికి దిగిపోయిన మ్యాన్‌హోల్ మూత ఉండవచ్చు.

వెనక్కి తిరిగి చూడడం సైకిల్ తొక్కేవాడికి అన్నింటికంటే ముఖ్యమైన విద్య. దాన్ని పనిగట్టుకుని నేర్చుకునేవాళ్లను మాత్రం నేను తక్కువ మందినే చూశాను. తల కుడి భుజం మీదుగా తిప్పితే, ఆ భుజంతో పాటు హ్యాండిల్ కూడా కుడికి లాగుతుంది, సైకిల్ తెలియకుండానే అడుగో అడుగున్నరో ట్రాఫిక్‌లోకి జరుగుతుంది. మీ కాలనీ లోపలి రోడ్డులో ఉదయం పూట ఒక తిన్నని గీత చూసుకుని, దాని మీద తొక్కుతూ, మోచేతులు వదులుగా ఉంచి, గడ్డం భుజానికి తాకేటంతగా తల తిప్పి, వెనుక నిలిపి ఉన్న బండి నంబరు చదివి మళ్లీ ముందుకు చూడు. చక్రం గీత దాటకుండా ఉండేదాకా సాధన చెయ్యి. ఇది కుదిరాక మరో లాభం కూడా కనబడుతుంది. నువ్వు తల తిప్పి చూడగానే వెనుక వచ్చే డ్రైవర్ తనంతట తానే కాస్త వేగం తగ్గిస్తాడు. ముఖం కనబడిన మనిషి మీదికి బండి తోలడానికి ఎంత దురుసువాడైనా కొంచెం వెనకాడతాడు.

రోడ్డు మీద ఎక్కడ ఉండాలన్నది తర్వాతి ప్రశ్న. కొత్తగా సైకిల్ ఎక్కినవాళ్లు భయంతో రోడ్డు అంచుకు అతుక్కుని వెళ్తారు. అది పెద్ద బండ్ల వాళ్లకు, పక్కన జాగా లేకపోయినా దూరిపోవచ్చన్న ధైర్యం ఇస్తుంది. అంచు నుంచి మూడడుగులు వదిలి వెళ్లు. నిలిపిన కార్ల పక్కన వెళ్లేటప్పుడు ఒక డోరు పూర్తిగా తెరుచుకున్నా నీకు తగలనంత దూరం, అంటే ఇంచుమించు నాలుగడుగులు, ఉంచుకో. రెండు కార్ల మధ్య ఖాళీ వచ్చినప్పుడల్లా ఎడమకు దూరి మళ్లీ బయటికి రావడం మంచిది కాదు. నువ్వు మళ్లీ బయటికి వస్తావని వెనుకవాడికి తెలియదు. మెట్రో పిల్లర్ల పక్కనో, ఎక్కడో తవ్వి పూడ్చిన చోటో దారి ఇరుకై, కారు నిన్ను దాటడానికి నిజంగానే జాగా లేకపోతే, ముందే వెనక్కి చూసి, చేయి చాపి సూచించి, ఆ లేన్ నడి మధ్యకు వచ్చి తొక్కు. వెనుకవాడు విసుక్కుంటాడు, విసుక్కోనీ. ఇరుకు దాటగానే ఎడమకు జరిగి, చేత్తో వెళ్లమని సైగ చెయ్యి. దారి ఇచ్చావన్న సంగతి తెలియాలి, అప్పుడు ఆ విసుగు అక్కడికక్కడే సగం చల్లారుతుంది.

లారీల విషయంలో మాత్రం మర్యాదలూ హక్కులూ మరిచిపో. టిప్పర్లు, కాంక్రీటు కలిపే మిల్లర్ లారీలు, వేసవి వచ్చిందంటే మణికొండ, గచ్చిబౌలి అపార్ట్‌మెంట్లకు పరుగులు తీసే నీళ్ల ట్యాంకర్లు, వీటి ఎడమ పక్కన ఎప్పుడూ నిలబడవద్దు, సిగ్నల్ దగ్గర ఖాళీ కనబడినా సరే. పొడవైన బండి ఎడమకు తిరిగేటప్పుడు దాని వెనుక చక్రాలు ముందు చక్రాలు వెళ్లిన దారిన వెళ్లవు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. మొదట చాలినంతగా కనబడిన సందు క్షణాల్లో మూసుకుపోతుంది. లారీ పక్క అద్దంలో డ్రైవర్ ముఖం నీకు కనబడకపోతే, నువ్వు అతడికి కనబడడం లేదనే అర్థం. వెనుకే ఆగి, అది కదిలి వెళ్లాక వెళ్లు.

బస్సుల దగ్గర నియమం ఇంకా సులువు. స్టాపులో బస్సు సరిగ్గా అంచుకు చేరి ఆగడం అరుదు, నడి రోడ్డు మీదే ఏటవాలుగా ఆగుతుంది, దానికీ ఫుట్‌పాత్‌కూ మధ్య సైకిల్ పట్టే దారి ఊరిస్తుంది. అటు వెళ్లవద్దు, దిగేవాళ్లు నేరుగా నీ చక్రం ముందుకే దిగుతారు. టోలిచౌకి దగ్గర షేర్ ఆటోలు కూడా అంతే. ఫుట్‌పాత్ మీద మనిషి చేయి ఎత్తాడంటే నీ ముందున్న ఆటో ఇండికేటర్ లేకుండానే ఎడమకు కోస్తుందని తెలుసుకో. అందుకే ఆటో వెనుక వెళ్లేటప్పుడు నేను ఆటోను తక్కువ చూస్తాను, ఫుట్‌పాత్ మీద ఎవరి చేయి లేస్తుందో ఎక్కువ చూస్తాను. ఆటో డ్రైవర్ మీద కోపం తెచ్చుకుని లాభం లేదు, ఆ చేయి అతడికి ఆ పూట తిండి. డెలివరీ కుర్రవాళ్ల సంగతీ అలాంటిదే, ఆర్డరు చేసేది మనమే కదా.

నీ దారికి ఉన్న ప్రత్యేకమైన చిక్కు ఒకటి చెబుతాను, ఇది నీకు ఎవరూ చెప్పి ఉండరు. నువ్వు పొద్దున పడమరకు వెళ్తావు, సాయంత్రం తూర్పుకు వస్తావు. రెండు పూటలా సూర్యుడు నీ వీపు వెనుకే ఉంటాడు. నీకు దారి అంతా చక్కగా కనబడుతుంది కనుక నువ్వు కూడా అందరికీ అలాగే కనబడుతున్నావని అనుకుంటావు. ఎదురుగా వచ్చేవాడి కళ్లలో మాత్రం ఎండ సూటిగా పడుతూ ఉంటుంది. యూ టర్న్ దగ్గర తిరిగి నీ వైపు రోడ్డులోకి రావడానికి కాచుకున్న కారువాడు, ఆ వెలుగులో నిన్ను అసలు చూడకపోవచ్చు. నగరంలో చాలా కూడళ్లలో సిగ్నళ్లు తీసి యూ టర్న్‌లు పెట్టాక ఈ ఇబ్బంది ఎక్కువైంది. అలాంటి చోట పెడల్ ఆపి, రెండు వేళ్లు బ్రేకు మీద ఉంచుకుని వెళ్లు. శీతకాలంలో ఆరు గంటలకల్లా చీకటి పడుతుంది కనుక వెనుక ఎర్ర లైటు, ముందు తెల్ల లైటు తప్పనిసరి. పగలు కూడా వెనుక లైటు వెలిగించి ఉంచితే తప్పులేదు.

షేక్‌పేట ఫ్లైఓవర్ మీదికి ఎక్కవద్దు. 2022లో అది వచ్చాక పైన 2.8 కిలోమీటర్ల దాకా బండ్లకు అడ్డే లేదు, ఎత్తు ఎక్కుతూ నీ వేగం తగ్గే చోటే వాళ్ల వేగం పెరుగుతుంది. కింది దారే నీది. అది కూడా ఫ్లైఓవర్ దిగే చోట జాగ్రత్త. పై నుంచి దిగి వెంటనే ఎడమకు తిరగవలసినవాళ్లు నీ ముందు నుంచి అడ్డంగా కోసుకుంటూ పోతారు. తొందర లేని రోజున సెవెన్ టూంబ్స్ రోడ్డు వైపు తిరిగి వెళ్లు, కాస్త చుట్టు అయినా మనసు స్థిమితంగా ఉంటుంది. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబర్‌లో ప్రారంభించిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ గురించి నువ్వు అడిగావు. బాగుంటుంది, ఆదివారం నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు వెళ్లి చూడు. అయితే అది మీ ఇంటినీ ఆఫీసునూ కలపదు. అక్కడ తొక్కితే కాళ్లకు బలం వస్తుంది కానీ ట్రాఫిక్‌లో మసలడం రాదు.

రాంగ్ రూట్‌లో ఎదురు వచ్చే బైకుల విషయంలో ఒకటే మాట. అతడు నిన్ను కుడికి నెట్టాలని చూస్తాడు. కుడివైపు నీ వెనుక ఏమి వస్తోందో నీకు కనబడదు, అతడికి కనబడుతుంది. కనుక నువ్వు ఎడమనే ఉండి, వేగం తగ్గించి, అవసరమైతే కాలు నేల మీద ఆనించి పూర్తిగా ఆగిపో. తప్పుకోవలసింది అతడే, అతడే తప్పుకుంటాడు.

ఇక గొడవ సంగతి. కారు నిన్ను ఒరుసుకుపోయి ముందుకు వెళ్లిపోయిన క్షణంలోనే ఆ కారుతో నీకున్న అపాయం తీరిపోయింది. ముందుకు వెళ్లిపోయిన బండి ఇక నిన్ను గుద్దజాలదు. హైదరాబాద్‌లో చిక్కు ఏమిటంటే, కారు ఎంత దూసుకుపోయినా తర్వాతి సిగ్నల్ దగ్గర సైకిల్ దాన్ని తప్పక అందుకుంటుంది. అడగాలన్న కోరిక అక్కడే పుడుతుంది. అడిగితే ఏమవుతుంది? పచ్చ లైటు పడగానే, నువ్వు రెచ్చగొట్టి పెట్టిన మనిషి చేతిలో టన్ను బరువున్న బండి ఉంటుంది, నువ్వు అతడి ముందు ఉంటావు. కనుక అలాంటి బండి సిగ్నల్ దగ్గర కనబడితే నాలుగైదు బండ్ల వెనుకే ఆగు. అతడే కారు నెమ్మది చేసి నిన్ను తిడుతుంటే బదులు చెప్పకు, గుడ్లురిమి చూడకు. పెట్రోల్ బంకులోకో, ఇరానీ హోటల్ ముందుకో, జనం ఉన్న చోటుకు తిరిగి కాసేపు ఆగు. తన పంతానికి జోడు దొరకని మనిషి అక్కడ ఎక్కువసేపు నిలబడడు. ఎట్టి పరిస్థితిలోనూ ఎదుటివాడి బండి మీద చేయి వేయవద్దు. అంతవరకు అతడిది తప్పు, ఆ దెబ్బతో చూసేవాళ్ల కళ్లకు తప్పు నీదవుతుంది.

ఇలా ఊరుకోమన్నానని అన్నింటినీ దిగమింగమని అనుకోవద్దు. కావాలని మీదికి తోలినవాణ్ణి వదలకూడదు. నంబరు, చోటు, సమయం ఫోన్‌లో మాట్లాడి రికార్డు చేసుకో, రాసుకునేంత నిలకడ అప్పుడు చేతులకు ఉండదు. బండి నంబరు టీజీతో మొదలవుతుందో టీఎస్‌తో మొదలవుతుందో కూడా గుర్తుంచుకో, 2024 నుంచి కొత్త బండ్లకు టీజీ వస్తోంది. అతడు ఇంకా వెంటపడుతుంటే 100కు ఫోన్ చెయ్యి; మెహదీపట్నం వైపు హైదరాబాద్ కమిషనరేట్, గచ్చిబౌలి వైపు సైబరాబాద్ కమిషనరేట్ చూస్తాయి కానీ ఆ తేడా నువ్వు తేల్చనక్కరలేదు. ట్రాఫిక్ పోలీసులు వాట్సాప్‌లో కూడా ఫిర్యాదు తీసుకుంటారు, ఫొటోతో పాటు తేదీ, సమయం, చోటు రాయాలి. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 281వ సెక్షన్ కింద, మనుషుల ప్రాణాలకు ముప్పు కలిగేలా దురుసుగా బండి నడపడం నేరం; ఆరు నెలల దాకా జైలో, వెయ్యి రూపాయల దాకా జరిమానానో, రెండూనో పడవచ్చు. నా అభిప్రాయంలో ఇది చాలా తక్కువ శిక్ష, అయినా ఫిర్యాదు నమోదు కావడం వేరే విషయం, ఆ నంబరు మీద మరో ఫిర్యాదు వచ్చినప్పుడు పనికొస్తుంది.

బండి తగిలి కింద పడితే, లేచిన వెంటనే ఏమీ కాలేదని చెప్పి అతణ్ణి పంపించవద్దు. ఆ కంగారులో నొప్పి తెలియదు, ఇంటికి వెళ్లాక తెలుస్తుంది, అప్పటికి నంబరు ఉండదు. రోడ్డు పక్కకు చేరి కూర్చుని, నంబరు ఫొటో తీసుకుని, పక్కనున్న చాయ్ బండి మనిషినో దుకాణం మనిషినో పేరు, ఫోన్ అడుగు. తలకు ఏమాత్రం దెబ్బ తగిలినా 108ని పిలువు. హెల్మెట్ పైకి బాగానే కనబడినా, ఒకసారి గట్టిగా నేలకు కొట్టుకుంటే దాన్ని పారవేసి కొత్తది కొనుక్కో.

మీ అమ్మకు నేను చెబుతాను. నువ్వు మాత్రం ఈ నెల కుడి హ్యాండిల్‌కు చిన్న అద్దం, పెద్ద బెల్లు బిగించుకో. అద్దం ఉన్నా మలుపుకు ముందు మెడ తిప్పి చూడడం మానకు, అద్దంలో నీ భుజం పక్కనున్న బైకు కనబడదు.

ఇట్లు,
నీ మామయ్య