పాలిష్ సంగతి తర్వాత, ముందు అది ఏ లోహమో చూడండి

1960ల నాటి కారు బీడింగ్, అంటే అంచుల వెంబడి ఉండే మెరిసే లోహపు పట్టీ, మసకబారింది, ఏ పాలిష్ కొనాలి అని ఒకరు అడిగారు. పాలిష్ ఏదైనా ఫరవాలేదు. ఆ పట్టీ ఏ లోహమో తేలకుండా మాత్రం చెయ్యి పెట్టకండి. ఒకే కారుకి బంపర్ క్రోమ్ పూసిన ఉక్కు, కిటికీల చుట్టూ స్టెయిన్‌లెస్ స్టీల్, తలుపుల మీద అల్యూమినియం ఉండొచ్చు. వీడియోల వాళ్ళు సగం పట్టీ మెరిపించి చూపిస్తారు గానీ, అది ఏ లోహమో ఒక్కరూ చెప్పరు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

మా పెదనాన్న కారు తలుపుల పట్టీలు తెల్లగా పాలిపోయాయి. ఆయన చెయ్యి నొప్పెట్టేదాకా పాలిష్‌తో రుద్దారు, ఏమీ మారలేదు. గుడ్డ కూడా నల్లబడలేదు. అది చూశాకే నాకు అనుమానం వచ్చింది. పూత లేని అల్యూమినియం అయితే రుద్దగానే గుడ్డ నల్లగా అయిపోతుంది. అయస్కాంతం పెడితే అంటలేదు. స్టెయిన్‌లెస్‌లో కొన్ని రకాలకి అంటుతుంది, కొన్నింటికి అంటదు కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్మలేం. కరెంట్ పారుతుందో లేదో చూసే మల్టీమీటర్ తెచ్చి రెండు వైర్ల కొసలూ పట్టీ మీద మెల్లగా ఆనించాను. కరెంట్ పారలేదు. వెనకవైపు కాస్త గీకి పెడితే పారింది. అంటే అనోడైజ్ చేసిన, అంటే పైన గట్టి ఆక్సైడ్ పొర ఎక్కించిన అల్యూమినియం. ఆ పొర కరెంట్ పోనివ్వదు, పాలిష్‌కీ లొంగదు. మసకంతా అందులోనే ఉంది.

పట్టీలు విప్పి, రబ్బరు గ్లవ్స్, కళ్ళద్దాలు పెట్టుకుని, కాస్టిక్ సోడా ఉన్న ఓవెన్ క్లీనర్ పూశాం. కాసేపటికే కడిగెయ్యాలి, ఎక్కువసేపు ఉంచితే లోహాన్నే తినేస్తుంది. తర్వాత నీళ్ళు పోస్తూ 600 నుంచి 2000 నంబర్ దాకా వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం; నంబర్ పెరిగేకొద్దీ నున్నన), ఆ మీదట అదే పాత పాలిష్. మొదటి పట్టీలో తన ముఖం కనబడగానే పెదనాన్న ఇంకేమీ అనకుండా "రెండోది ఇటివ్వు" అన్నారు. పొర పోయింది కాబట్టి దానికి ఇక అప్పుడప్పుడూ వ్యాక్స్ పట్టించాల్సిందే.

క్రోమ్ మీద మాత్రం వాటర్ పేపర్ వద్దే వద్దు. ఆ పూత ఒక మైక్రాన్ కూడా ఉండదు. అరిగితే కింద నికెల్ పసుపుగా బయటపడుతుంది, ఇక ఏ పాలిషూ పనిచెయ్యదు. చిన్న తుప్పు చుక్కలకి అల్యూమినియం ఫాయిల్ ఉండచుట్టి, నీళ్ళలో తడిపి, మెల్లగా రుద్దండి. ఫాయిల్ క్రోమ్ కన్నా మెత్తన.

పూత పూర్తిగా లేచిపోతేనే రీప్లేటింగ్‌కి, అంటే మళ్ళీ పూత వేయించడానికి ఇవ్వండి. నేనిచ్చిన చోట బఫింగ్ (మెషిన్‌తో రుద్ది నునుపు చెయ్యడం) ఎక్కువ చేసి కారు పేరున్న బ్యాడ్జి మీది అక్షరాల అంచులన్నీ గుండ్రంగా చేసి ఇచ్చారు. ఎంత మెరిస్తే ఏం లాభం, అది మా కారు బ్యాడ్జిలా లేదు. మీరు ఇచ్చేముందు అంచుల ఫోటోలు తీసి, వాటిని ముట్టుకోవద్దని గట్టిగా చెప్పండి. నాలుగు చుక్కలున్నా సరే, అసలు పూత నిలిచి ఉంటే నేనైతే దాన్ని కదపను.