అప్‌గ్రేడ్ తర్వాత టేబుళ్లు కనబడకపోతే

చిట్టితల్లీ,

రాత్రి ఫోన్‌లో నీ గొంతు విన్నాక నాకూ నిద్ర పట్టలేదు. "పెదనాన్నా, ఆపరేటింగ్ సిస్టమ్ ఉబుంటుని 22.04 నుంచి 24.04కి మార్చాను, అప్లికేషన్ కనెక్ట్ అవ్వట్లేదు, కొత్త పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో చూస్తే ఒక్క టేబుల్ కూడా లేదు" అన్నావు. టెన్షన్ పడకు. డేటా పోయి ఉండదమ్మా.

24.04తో పోస్ట్‌గ్రెస్ 16 వస్తుంది. పాత 14 పక్కనే ఉంటే ఇది సాధారణంగా 5433 పోర్టులో ఖాళీ క్లస్టర్ (డేటాబేస్‌లన్నీ ఉండే సెట్) ఒకటి పెట్టుకుంటుంది. నువ్వు చూసింది దాన్నే. ముందు క్లస్టర్ల జాబితా చూపించే పీజీ-ఎల్ఎస్‌క్లస్టర్స్ కమాండ్ కొట్టి చూడు. 14 వరుసలో 'డౌన్, బైనరీస్ మిస్సింగ్' అని ఉంటే, అప్‌గ్రేడ్ చివర్లో పాత ప్యాకేజీలు తీసెయ్యాలా అని అడిగినప్పుడు నువ్వు వై నొక్కావన్నమాట. పోయింది ప్రోగ్రామే, డేటా ఫోల్డర్ అక్కడే ఉంటుంది. డేటాని కూడా తుడిచేయగల పర్జ్ కమాండ్ జోలికి మాత్రం అస్సలు వెళ్లకు.

ఇంకేం ముట్టుకోకముందే ఆ 14 ఫోల్డర్ మొత్తాన్ని వేరే డిస్కులోకి కాపీ చెయ్యి. ఎంత ఆలస్యమైనా సరే, ఎవరు తొందరపెట్టినా సరే. నెట్‌లో ఎవరో చెప్పారని డేటాబేస్ లాగ్‌ని బలవంతంగా రీసెట్ చేసే పీజీ-రీసెట్‌వాల్ నడపకు, బాగున్న డేటాని పాడుచేసుకుంటావు.

తర్వాత పోస్ట్‌గ్రెస్ వాళ్ల రిపాజిటరీ నుంచి 14ని మళ్లీ ఇన్‌స్టాల్ చేసి స్టార్ట్ చెయ్యి. టేబుళ్లు కనిపించగానే పీజీ-డంప్‌ఆల్‌తో మొత్తం బ్యాకప్ తీసి పెట్టుకో. అప్పుడు ఖాళీ 16ని పీజీ-డ్రాప్‌క్లస్టర్‌తో తీసేసి, పాత డేటాని 16లోకి మార్చే పీజీ-అప్‌గ్రేడ్‌క్లస్టర్‌ని 14 మీద నడుపు. డ్రాప్ దగ్గర ఎంటర్ నొక్కేముందు ఆ అంకెని పైకి చదువు. 16 బదులు 14 పడిందా, అంతే సంగతులు.

కొత్త 16 లేచాక వాక్యూమ్‌డీబీ కమాండ్‌తో ఎనలైజ్ (టేబుళ్ల గణాంకాలు లెక్కించడం) చేయించు, లేకపోతే క్వెరీలు నత్తనడక నడుస్తాయి.

ఇంకోటి, నేను స్వయంగా దెబ్బతిన్నది. ఒకచోట పోస్ట్‌గ్రెస్ వెర్షన్ అలాగే ఉంచి ఉబుంటు మాత్రం 18.04 నుంచి 20.04కి మార్చాం. అంతా బాగానే లేచింది. నాలుగు రోజులకి ఒకాయన వచ్చి తన డోర్ నంబరు కొడితే రికార్డు రావట్లేదన్నాడు. రికార్డు కళ్లెదుటే ఉంది, వెతికితే దొరకదు! ఉబుంటులో ఉండే గ్లిబ్‌సీ అనే లైబ్రరీ 2.28 వెర్షన్‌లో అక్షరక్రమం మారింది. అంతకుముందు 11 తర్వాత 1-1 వచ్చేది, ఇప్పుడు 1-1 ముందొస్తుంది. మన డోర్ నంబర్ల నిండా హైఫన్లే కదా. రికార్డుల్ని వెతకడానికి వాడే ఇండెక్సులన్నీ పాత వరుసలోనే ఉండిపోయాయి. రీఇండెక్స్ చేసి వాటిని మళ్లీ కడితే సరిపోయింది గానీ, ఆ నాలుగు రోజుల్లో ఒకే నంబరు మీద రెండేసి రికార్డులు పడ్డాయి. వాటిని కూర్చుని ఒక్కొక్కటిగా చేత్తో ఏరాం. అప్‌గ్రేడ్‌క్లస్టర్ మామూలుగా డంప్ తీసి మళ్లీ ఎక్కిస్తుంది కాబట్టి నీకు ఇండెక్సులు కొత్తగా తయారవుతాయి. అయినా హైఫన్ ఉన్న నంబర్లు పది వెతికి చూడు.

పాత 14 క్లస్టర్‌ని నెలాఖరు లెక్కలు సరిపోయాయని చూసుకునేదాకా తీసెయ్యకు. కాపీ అవుతుండగా కాస్త ఏదైనా తిను. డ్రాప్ కొట్టేముందు నాకు ఫోన్ చెయ్యి, అర్ధరాత్రైనా ఎత్తుతాను.

మీ పెదనాన్న