హాలు కడితే సంగీతం వస్తుందా?

ప్రశ్న: మా పట్టణంలో పెద్ద ఆడిటోరియం కడుతున్నారు. ఇది పూర్తయితే మా ఊరికీ విజయనగరంలా సంగీతంలో పేరు వస్తుందని కమిటీవారు అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: హాలు కట్టడం మంచిదే. కానీ విజయనగరానికి పేరు వచ్చింది హాలు వల్ల కాదమ్మా. 1919లో విజయరామ గజపతిరాజు సంగీత పాఠశాల పెట్టినప్పుడు వెతికింది గురువుల కోసం. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామినాయుడు విద్యార్థిగా చేరదామని వస్తే, ఆయన వయొలిన్ విని ఏకంగా ఆచార్యుణ్ణి చేశారని చెబుతారు. అప్పటికి ఆయనకు 26 ఏళ్లు. వాయిద్యం విని ఉద్యోగం ఇచ్చారు చూడండి, నాకు అన్నిటికన్నా నచ్చేది అదే. 1936లో నారాయణదాసుగారి తర్వాత ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారు.

అంతా రాజుగారి ఖజానాతోనే జరిగిపోలేదు. చేతి ఉంగరం అమ్ముకుని కృష్ణా జిల్లా నుంచి వచ్చిన కుర్రవాడు ఘంటసాలకు వేసవి సెలవుల్లో మూసి ఉన్న కళాశాల ఎదురైంది. పట్రాయని సీతారామశాస్త్రిగారు చేరదీసి పాఠం చెప్పారు. ఆయనదీ కలిగిన సంసారం కాదు. పూట గడవడానికి ఘంటసాల జోలె పట్టుకుని మధూకరానికి వెళ్లేవారు. ఆ జోలెలో అన్నం వేసిన ఇల్లాళ్లలో చాలామంది పేర్లు మనకు తెలియవు. నా దృష్టిలో ఆ ఊరి సంగీతానికి రాజుగారితో పాటు వాళ్లూ పోషకులే. పి. సుశీల పుట్టిందీ, సంగీతం నేర్చుకున్నదీ ఆ ఊళ్లోనే.

వయొలిన్ పాఠాలు చెప్పుకుని బతికినదాన్ని కనుక ఒక మాట చెబుతాను. వర్ణాల దాకా, అంటే కీర్తనలకు ముందు నేర్పే పాఠాల దాకా, వచ్చి మానేసిన పిల్లల్లో ప్రతిభ లేనివాళ్లు నాకు కనిపించింది తక్కువే. బస్సు ఖర్చులకు లేక, ఊళ్లో ఉండే చోటు లేక మానేసినవాళ్లే ఎక్కువ. వాళ్లను తలచుకుంటే నాకిప్పటికీ బాధే.

మీ కమిటీవారిని రెండు విషయాలు అడగండి. కుర్చీలకూ, దీపాలకూ పెట్టే డబ్బులో కొంత తీసి ఒక వయొలిన్ గురువుకూ, ఒక మృదంగం గురువుకూ నెలజీతం ఏర్పాటు చేయగలరా? పొరుగూళ్ల పిల్లలు ఉండి చదువుకోవడానికి హాలు వెనక నాలుగు గదులు, ఒక వంటిల్లు వేయగలరా? పునాదులు పూర్తికాకముందే వెళ్లి అడగండి, తర్వాత స్థలం లేదంటారు.