ఐస్ మీద గాలం: మొదటిసారి వెళ్లేవాళ్లు ఏం కొనాలి?

ప్రశ్న: మాది బాపట్ల దగ్గర పల్లెటూరు. చిన్నప్పుడు కాలవలో వానపాము గుచ్చి గాలం వేసిన అలవాటు ఉంది. ఇప్పుడు మినియాపొలిస్‌లో ఉద్యోగం. జనవరిలో గడ్డకట్టిన లేక్ మీదకి చేపలు పట్టడానికి తీసుకెళ్తామని ఆఫీసువాళ్లు అంటున్నారు. రాడ్, లూర్లు (కొక్కెం ఉన్న నకిలీ ఎరలు) మాత్రం ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలట. షాపుకి వెళ్తే గోడంతా లూర్లే, ఏది దేనికో తెలియక ఏమీ కొనకుండా వచ్చేశాను. దేనితో మొదలుపెట్టమంటారు?
— ఒక పాఠకుడు, మినియాపొలిస్, మిన్నెసోటా

జవాబు: కొనకుండా రావడం మంచిదే అయింది. ఆ గోడకి వేలాడేవాటిలో ఈ చలికాలం మీకు పనికొచ్చేవి ఏ పదో ఉంటాయి, అంతే. అవే ఎందుకో తెలియాలంటే ముందు ఐస్ కింద చేప పరిస్థితి ఏమిటో తెలియాలి.

నీళ్లు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర అన్నిటికంటే బరువుగా ఉంటాయి, అందుకే పైన ఎంత గడ్డకట్టినా అడుగు నీళ్లు దాదాపు ఆ 4 డిగ్రీల దగ్గరే ఉండిపోతాయి, చేప ఒంటికి సొంత వేడి లేదు కాబట్టి ఆ చల్లదనానికి దాని ఒంట్లో అన్నీ నెమ్మదిస్తాయి. ఆకలి తక్కువ, అరుగుదల తక్కువ, దేని వెంటా పరిగెత్తదు. మన కాలవల్లో కొర్రమీను ఎరని పట్టిందంటే బెండు ఒక్కసారిగా మునిగిపోతుంది కదా, ఆ లాగుడు ఇక్కడ ఉండదు. బ్లూగిల్ లాంటి చేప ఎర దగ్గరికి వచ్చి, ఆగి చూసి, నోరు కొంచెం తెరిచి నీళ్లతో పాటు లోపలికి పీల్చుకుంటుంది, నోట్లో ఏదైనా తేడాగా అనిపిస్తే వెంటనే ఉమ్మేస్తుంది. పైన కూర్చున్న మీకు ఇదంతా తెలియకుండానే జరిగిపోవచ్చు. కాబట్టి షాపులో ఏ వస్తువు పట్టుకున్నా రెండే ప్రశ్నలు వేసుకోండి: చేప దీన్ని సులువుగా పీల్చుకోగలదా, పీల్చుకుంటే నా చేతికి తెలుస్తుందా?

మొదటి ఏడాది వాలై అనే చేప జోలికి వెళ్లొద్దనే నా సలహా. అందరూ దాని గురించే చెబుతారు, రుచికి కూడా అది పెద్ద పేరున్న చేపే. కానీ అది ఎక్కువగా పొద్దుగూకే వేళా, తెల్లవారేటప్పుడూ తింటుంది, పైగా మిన్నెసోటా లోపలి సరస్సుల్లో వాలై, నార్తర్న్ పైక్ సీజన్ ఫిబ్రవరి చివర్లో ముగిసిపోతుంది. బ్లూగిల్, క్రాపీ, పెర్చ్ మాత్రం ఏడాది పొడవునా పట్టుకోవచ్చు. ఇవి గుంపులుగా తిరుగుతాయి, ఒకటి దొరికిందంటే ఇంకోటి దగ్గర్లోనే ఉంటుంది. చెయ్యి తిరగాలంటే వీటితోనే.

రాడ్ 24 నుంచి 28 అంగుళాలది, అల్ట్రాలైట్ అని రాసి ఉన్నది తీసుకోండి. షాపులోనే కొసకి చిన్న జిగ్ (తల బరువుగా ఉండే బుల్లి కొక్కెం) తగిలించి చూడండి, దాని బరువుకే కొస కాస్త వంగిందంటే అది మీకు సరిపోయే రాడ్. లైన్, అంటే గాలం దారం, 2 నుంచి 4 పౌండ్ల బరువు ఆపేది చాలు. అంత సన్నదా అని టెన్షన్ పడొద్దు, మీరు పట్టబోయేది అరచేతి వెడల్పు చేపని. మామూలు నైలాన్ లైనైనా ఫ్లోరోకార్బన్ అయినా ఫర్వాలేదు, అల్లిన బ్రెయిడ్ లైన్ మాత్రం వద్దు, అది నీళ్లు పీల్చుకుని బయటికి రాగానే గడ్డకట్టుకుపోతుంది.

ఇక లూర్ల సంగతి. ముందు టంగ్‌స్టన్ జిగ్‌లు కొనండి, 3, 4, 5 మిల్లీమీటర్ల సైజుల్లో రెండేసి. సీసం జిగ్‌ల కంటే ధర ఎక్కువే, కానీ ఇక్కడ మాత్రం డబ్బు మిగుల్చుకోవద్దని గట్టిగా చెబుతాను. సీసం నీళ్ల కంటే 11.3 రెట్లు సాంద్రమైతే టంగ్‌స్టన్ 19.3 రెట్లు, అంటే అదే బరువు ఇంకా చిన్న జిగ్‌లో ఇమిడిపోతుంది, చేప నోటికి చిన్నగా ఉంటుంది, మీ లైన్‌ని మాత్రం బిగువుగా ఉంచుతుంది, చిన్న కదలిక కూడా వేలికి తెలుస్తుంది. గుంపు కింద ఉన్నప్పుడు త్వరగా దిగడం కూడా కలిసొస్తుంది. ఇంకో కారణం నాకు అంతకంటే ముఖ్యం. మిన్నెసోటా రాష్ట్ర పక్షి లూన్. తెగి నీళ్లలో ఉండిపోయిన సీసం ముక్కలు, అడుగున గులకరాళ్లు మింగేటప్పుడో చేపతో పాటో దాని కడుపులోకి పోతే ఒక్క ముక్కకే చచ్చిపోతుంది. చలికాలంలో మనం పోగొట్టుకున్న జిగ్ వేసవిలో ఆ పక్షి తిరిగే చోటే పడి ఉంటుంది. సీసం కొనకండి.

రంగుల గురించి షాపులో గంటలు గడిపేవాళ్లు ఉన్నారు, మీరు మూడింటితో సరిపెట్టుకోండి: చీకట్లో మెరిసే గ్లో ఒకటి, బంగారు రంగుది ఒకటి, నల్లగానో ముదురు రంగులోనో ఒకటి. నీళ్లు మసకగా ఉన్నా, పొద్దు వాలుతున్నా గ్లో వేయండి, నీళ్లు తేటగా ఉండి ఎండ కాస్తుంటే ముదురు రంగు. జిగ్‌లు కాక సన్నటి చిన్న స్పూన్ (తళతళలాడే లోహపు రేకు లూర్) ఒకటి ఉంచుకోండి, స్వీడిష్ పింపుల్ లాంటిది, అన్నిటికంటే చిన్న సైజుల్లో. పెర్చ్‌లని దూరం నుంచి పిలవడానికి ఆ తళుకు బాగా పనిచేస్తుంది. జిగ్గింగ్ రాప్ మంచి లూరే, అయితే అది ముఖ్యంగా వాలైల కోసం, రెండో ఏడు చూసుకోవచ్చు.

జిగ్ ఒక్కటే వేస్తే చాలదు, కొక్కేనికి ఎర ఉండాలి. బెయిట్ షాపులో వ్యాక్స్‌వార్మ్ అనే తెల్లటి పురుగులు చిన్న డబ్బాలో అమ్ముతారు. డబ్బాని కోటు లోపలి జేబులో పెట్టుకోండి, బయట పెడితే గడ్డకట్టిపోతాయి. పురుగుని ఒక కొసన గుచ్చి నిటారుగా వేలాడేలా ఉంచండి, లోపలి రసం కారిపోయి తోలు మాత్రమే మిగిలితే తీసేసి కొత్తది పెట్టండి, ఆ వాసనకే చేప వచ్చేది.

ముడి గురించి ఎవరూ చెప్పరు, నేను చెబుతాను. ఈ జిగ్‌లు నీళ్లలో అడ్డంగా, పురుగు ఈదుతున్నట్టు వేలాడాలి. నాలుగు చేపలు పడేసరికి ముడి జిగ్ చెవిలో (లైన్ కట్టే చిన్న రింగులో) ముందుకో వెనక్కో జారిపోయి జిగ్ తలకిందులుగా వేలాడటం మొదలెడుతుంది, పైనుంచి చూస్తే మీకు తెలియదు, చేపకి తెలుస్తుంది. ప్రతి చేప తర్వాతా గోటితో ముడిని చెవి నడిమధ్యకి తోసి, కళ్ల ముందు వేలాడదీసి చూసుకుని అప్పుడు దింపండి.

ఆగర్ (ఐస్‌కి రంధ్రం వేసే బరమా), టెంట్, ఫ్లాషర్ (నీళ్లలో చేపల్ని చూపించే సోనార్ పరికరం) ఈ ఏడు కొనొద్దు. ఆఫీసువాళ్ల దగ్గర ఉంటాయి. లోతు తెలుసుకోవడానికి కొక్కేనికి తగిలించే క్లిప్పు బరువు ఒకటి చాలు, అది అడుగు తాకాక ఒక అడుగు పైకి లేపి అక్కణ్ణించి మొదలుపెట్టండి. రంధ్రంలో పేరుకునే మంచుతుక్కు తీయడానికి చిల్లుల గరిటె కావాలి. గంటలకొద్దీ ఒకే రంధ్రం దగ్గర కూర్చోకండి. 15 నిమిషాల్లో ఏమీ కదలకపోతే ఇంకో రంధ్రం చూసుకోండి.

ప్రశ్న: ఫ్లాషర్‌లో చేపలు చక్కగా కనిపిస్తున్నాయి, ఎర దాకా వస్తాయి, ఆగుతాయి, వెళ్లిపోతాయి. లూర్లు ఎన్ని మార్చినా అంతే. నా లూర్లలో లోపమా?
— ఒక పాఠకురాలు, మాడిసన్, విస్కాన్సిన్

జవాబు: లూరుని మార్చేముందు అది గిరగిరా తిరుగుతోందేమో చూడండి. మామూలు స్పిన్నింగ్ రీల్‌లో లైన్ మెలి పడుతుంది. కిందకి వదిలాక ఆ మెలి విడిపోతూ జిగ్‌ని తిప్పుతూనే ఉంటుంది, ఏ పురుగూ అలా బొంగరంలా తిరగదు కాబట్టి చేప అనుమానపడి పోతుంది. జిగ్‌ని రంధ్రంలో ఒక అడుగు లోతున ఆపి కళ్లతో చూస్తే తెలిసిపోతుంది. లైన్ నేరుగా దిగే ఇన్‌లైన్ రీల్ దీనికి అసలైన మందు, ప్రస్తుతానికి జిగ్‌కి అడుగున్నర పైన బుల్లి స్వివెల్ (లైన్ మెలి పడకుండా తిరిగే కొలికి) కట్టినా చాలావరకు తగ్గుతుంది.

తిరగడం లేదంటే సైజు తగ్గించండి, ఎరలో సగం తీసేయండి. ఇంకొకటి, క్రాపీకి పైకి చూసి తినే అలవాటు. జిగ్ దాని కన్నా కిందకి దిగితే ఇక పట్టించుకోదు. అది దగ్గరికి వస్తుంటే జిగ్‌ని చాలా నెమ్మదిగా పైకి తీసుకెళ్లండి, వెంట వచ్చిందంటే తినే చేపే. అది పైకి వస్తూ పట్టుకుంటుంది కాబట్టి రాడ్ కొస వంగదు, ఉన్న వంపు కూడా పోయి తిన్నగా అవుతుంది, లైన్ వదులవుతుంది. చాలామంది దీన్నే గమనించక చేపని వదిలేసుకుంటారు. కొసకి స్ప్రింగ్ బాబర్ అనే సన్నటి తీగ తగిలించుకుంటే ఆ లేవడం స్పష్టంగా కనిపిస్తుంది. కనిపించగానే మణికట్టుతో చిన్నగా ఎత్తండి, చాలు, గట్టిగా గుంజితే 2 పౌండ్ల లైన్ ఆగదు.

ప్రశ్న: మా బాబుకి 8 ఏళ్లు. వాడు రాడ్ పట్టుకుని కుదురుగా కూర్చోడు. వాడికి ఏం కొనాలి? లైసెన్స్ కావాలా?
— ఒక తండ్రి, ఈడెన్ ప్రెయిరీ, మిన్నెసోటా

జవాబు: టిప్-అప్ కొనండి. రంధ్రం మీద అడ్డంగా పెట్టి మిన్నో అనే చిన్న చేపని ఎరగా దింపితే, కింద చేప లాగినప్పుడు పైన జెండా లేస్తుంది, బాబు పరిగెత్తుకుంటూ వెళ్లొచ్చు. మిన్నెసోటాలో చలికాలం ఒక్కొక్కరు రెండు లైన్లు వేయొచ్చు, ట్రౌట్ సరస్సులు మాత్రం దీనికి మినహాయింపు. పైక్ పళ్లకి లైన్ తెగకుండా కింద తీగ లీడర్ (కొక్కేనికి ముందు కట్టే లోహపు తీగ ముక్క) కట్టండి, ఈ లైన్‌కి మాత్రం సన్నదనం పనికిరాదు. మిన్నోలు మిగిలితే లేక్ నీళ్లతో ఇంటికి తేకూడదు, ఆ నీళ్లు అక్కడే పారబోసి బాటిల్ నీళ్లు పోసుకోవాలి.

అక్కడ 16 ఏళ్లు నిండని పిల్లలకి లైసెన్స్ అక్కర్లేదు, మీకు కావాలి. జనవరిలో మార్టిన్ లూథర్ కింగ్ సెలవు కలిసొచ్చే మూడు రోజులు మాత్రం, పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లే ఆ రాష్ట్రంవాళ్లకి కూడా లైసెన్స్ అడగరు, మొదటి ప్రయాణం అప్పుడు పెట్టుకోండి.

లూర్ల కంటే ముందు మీ ఇద్దరి బూట్లకీ ముళ్ల పట్టీలు, మెడలో వేసుకునే ఐస్ పిక్‌లు (నీళ్లలో పడితే ఐస్‌కి గుచ్చి పైకి రావడానికి వాడే మేకుల పిడులు) కొనండి. నడవడానికి గట్టి, తేట ఐస్ కనీసం 4 అంగుళాలు ఉండాలి, తెల్లటి ఐస్ అయితే దానికి రెట్టింపు. ఒకచోట 4 ఉందంటే అంతటా ఉన్నట్టు కాదు, వాగు కలిసే చోటా వంతెనల కిందా పలచగా ఉంటుంది, కాబట్టి వెళ్తూ వెళ్తూ కొలుస్తూ వెళ్లండి, బాబు మీ వెనకే నడవాలి.