ట్రాక్టర్‌కు లోడర్ కంట్రోళ్లు బిగిస్తే వారంటీ, బీమా ఏమవుతాయి?

ప్రశ్న: అడ్వొకేట్ గారూ, మా ట్రాక్టర్ ఇంకా వారంటీలోనే ఉంది. ముందువైపు లోడర్ బకెట్ పెట్టించి పెంట, మట్టి ఎత్తుకోవాలనుకుంటున్నాం. బకెట్ లేపడానికి ఒక లివర్, వంచడానికి మరొకటి కావాలి. పంపు లైనులోంచి ఆయిల్ తీసుకుని రెండు స్పూళ్ల వాల్వు (ఒక్కో లివర్‌కు ఒక్కో స్పూలు, అది కదిలితే ఆయిల్ దారి మారుతుంది) బిగిస్తానని మెకానిక్ అంటున్నాడు. అలా చేస్తే వారంటీ మొత్తం పోతుందని షోరూం వాళ్లు చెబుతున్నారు. ఆర్టీఏ అనుమతి కావాలా? ఎవరికైనా దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిది?

జవాబు: ముందు ఆర్టీఏ సంగతి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలోని వివరాలకూ తయారీదారు ఇచ్చిన వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. బండి మౌలిక స్వరూపం మారిపోయేలా నిర్మాణంలో చేసేదే మార్పు అని ఆ సెక్షన్‌లోనే వివరణ ఉంది. వాల్వు, లివర్లు, హోస్ పైపులు బిగించినంత మాత్రాన అది ఈ కోవలోకి రాదని నా అభిప్రాయం. బోల్టులు విప్పి పక్కన పెట్టగలిగే లోడర్‌ను పనిముట్టుగానే చూడాలి. చాసిస్‌కు వెల్డింగు చేసినా, ముందు యాక్సిల్ మార్చినా వ్యవహారం వేరు. 182ఎ(4) సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అందుకే పని మొదలుపెట్టక ముందే రిజిస్ట్రేషన్ అధికారికి దరఖాస్తు ఇచ్చి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. సొంత పొలం పనులు వదిలి నిర్మాణ పనులకు బాడుగకు తిప్పితే మాత్రం రిజిస్ట్రేషన్, పన్ను, బీమా మూడింటిమీదా ప్రశ్నలు వస్తాయి.

అసలు చిక్కంతా వారంటీ దగ్గరే. షోరూం వాళ్ల నోటిమాట పట్టించుకోకండి, వారంటీ పుస్తకం తెరిచి షరతు చదవండి. అనుమతి లేని మార్పు వల్ల వచ్చిన నష్టానికి వారంటీ ఉండదనడం ఒకటి, మార్పు చేస్తే వారంటీయే రద్దనడం మరొకటి. మొదటి రకం షరతు ఉండి, వాల్వుతో సంబంధం లేని క్లచ్‌కో డైనమోకో వారంటీ నిరాకరిస్తే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో గట్టిగా పోరాడవచ్చు. హైడ్రాలిక్ పంపు పోతే మాత్రం మీ వాదన నిలవడం కష్టం.

ఈ పనిలో జరిగే పొరపాటు ఒకటి చెబుతాను. కొత్త వాల్వు దాటాక ఆయిల్ వెనక లిఫ్టుకు వెళ్లాలి. అందుకు వాల్వుకు పవర్ బియాండ్ పోర్టు, అంటే ఒత్తిడితో ఉన్న ఆయిల్‌ను ముందుకు పంపే ప్రత్యేక ద్వారం, ఉండాలి. అది లేని వాల్వు పెట్టి, ట్యాంకు పోర్టునే (ఆయిల్ తక్కువ ఒత్తిడితో ట్యాంకుకు తిరిగి వెళ్లే ద్వారం) లిఫ్టు లైనుకు కలిపితే, బరువు ఎత్తినప్పుడు పూర్తి ఒత్తిడి ఆ పోర్టు మీద పడి వాల్వు బాడీయే పగలవచ్చు. కంపెనీ ఇంజనీరు దాన్ని ఫొటో తీస్తే మీ క్లెయిము అక్కడితో ఆగిపోతుంది. కాబట్టి వాల్వు తయారీ కంపెనీ, మోడలు, పవర్ బియాండ్ ఉందన్న మాట, ఒత్తిడి హద్దు దాటకుండా ఆపే రిలీఫ్ వాల్వు సెట్టింగు తయారీదారు పరిమితి దాటలేదన్న మాట మెకానిక్ ఇచ్చే బిల్లులో ఉండాలి. కంపెనీ ఆమోదించిన కిట్ దొరికితే, ఖరీదు ఎక్కువైనా డీలరు చేతనే బిగించుకోమంటాను.

ఇక ప్రమాదం. హోస్ పగిలి, లేచి ఉన్న బకెట్ కింద మనిషి మీద పడిందనుకోండి. సిలిండర్ దగ్గర బకెట్‌ను ఆపే సేఫ్టీ వాల్వు పెట్టలేదంటే కోర్టులో మొదటి ప్రశ్న మీకే. ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద నిర్లక్ష్యపు కేసు, ఐదేళ్ల వరకు శిక్ష. మార్చిన వస్తువు విషయంలో, వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 87వ సెక్షన్ అమ్మినవారికి రక్షణ ఇస్తుంది. బిగించిన పని లోపమైతే 85వ సెక్షన్ కింద మెకానిక్‌ను బాధ్యుణ్ని చేయవచ్చు. పైన చెప్పిన బిల్లు అప్పుడే పనికొస్తుంది.

బీమా కంపెనీకి లోడర్ వివరాలు రాసి పంపి, పాలసీలో ఎండార్స్‌మెంట్ (ఆ మార్పును రాతపూర్వకంగా చేర్చడం) అడగండి. చెప్పకుండా వాడితే మీ ట్రాక్టర్ నష్టానికి క్లెయిము నిరాకరించే సాకు వాళ్లకు దొరుకుతుంది. పాలసీ షరతు తప్పిన కేసుల్లో, బాధితుడికి ముందు చెల్లించి ఆ సొమ్ము యజమాని నుంచి రాబట్టుకోమని బీమా కంపెనీలకు కోర్టులు చెప్పిన సందర్భాలున్నాయి.

వారంటీ నిరాకరిస్తే కారణం కాగితం మీద రాయించుకోండి. ఫిర్యాదుకు గడువు వివాదం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లు. పాడైన పంపును పారేయకండి, కమిషన్ దాన్ని పరీక్షకు పంపగలదు.